నా వైపు కారు అద్దం

మా ఆయన రామనాథం గారి చొక్కా జేబులో ఎప్పుడూ మూడు వస్తువులుంటాయి. అర అడుగు స్టీలు స్కేలు, కళ్లజోడు, ఒక తెల్ల సుద్దముక్క. కళ్లజోడు మరిచిపోయిన రోజులున్నాయి గానీ సుద్దముక్క మరిచిపోయిన రోజు లేదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బోగీలకు కిటికీలు బిగించే పని ముప్పై ఆరేళ్లు చేశారు. పని అయిన కిటికీని తట్టి చూసి, తడిమి చూసి, సుద్దతో 'ఓకే' అని రాసి కింద తేదీ వేయడం ఆయనకి అక్కడ పట్టుకున్న అలవాటు. రిటైరై మూడేళ్లయింది, అలవాటు రిటైరు కాలేదు. తాల్‌బగీచాలో మా ఇంట్లో గ్యాస్ బండ మీద ఓకే, నీళ్ల ట్యాంకు మీద ఓకే, బియ్యం డబ్బా మూత మీద ఓకే. నా కుట్టు మిషను బాగుచేసి దాని మీద కూడా రాశారు. తుడిచేశాను. మళ్లీ రాశారు.

మనిషి మంచివాడే. కాకపోతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆ మూడు కాళ్ల కుందేలుతో ముప్పై నాలుగేళ్లుగా కాపురం చేస్తున్నాను కనుక ఆయన సంగతి చెప్పే హక్కు నాకే ఉంది.

ముందు నా సంగతి రెండు ముక్కలు. నా పేరు వాసంతి. రైల్వే స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. రెండేళ్ల కిందట ఒక జబ్బు చేసింది. అది తగ్గుతూ తగ్గుతూ నాకొక శిక్ష వేసి పోయింది. ఒంటికి ఎండ తగలకూడదు. పావుగంట తగిలితే చేతుల మీద, మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేస్తాయి, మర్నాటి ఉదయానికి జ్వరం. ఒకసారి మొండికేసి, గొడుగు పట్టుకుని, ఆటోలో ఇందా బజారుకి వెళ్లొచ్చాను. పదకొండు రోజులు మంచం దిగలేదు. అప్పటినుంచి ఉదయం ఏడు దాటితే పరదాల వెనక ఉంటాను, పొద్దు వాలితేనే వీధి మొహం చూస్తాను. కూరల బండి అతని కేక రోజూ వింటాను, అతని ముఖం మరిచిపోయాను. నాకు కోపం ఎక్కువని మావాళ్లంటారు. వాళ్లని రెండేళ్లు పరదాల వెనక కూర్చోబెట్టి చూడండి, ఎవరి కోపం ఎంతో తెలుస్తుంది.

కార్తీకం ఇంకా నెల ఉందనగా విజయనగరం నుంచి మా అక్క రాజరాజేశ్వరి ఫోన్ చేసింది. యాత్రవాళ్లతో కలిసి కాశీ వెళ్తోందట. వాళ్ల రైలు ఒక ఆదివారం ఉదయం పదకొండుంబావుకి ఖరగ్‌పూర్‌లో ఐదు నిమిషాలు ఆగుతుంది.

ఇక్కడి తెలుగువాళ్లకి ఒక ఆచారం ఉంది. మనవాళ్లెవరు ఈ స్టేషన్ మీదుగా వెళ్తున్నా క్యారేజీ నిండా వండుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడాలి. రైలు రెండు నిమిషాలే ఆగినా సరే. పులిహోర ఇటునుంచి అటు వెళ్తుంది, ఆవకాయ జాడీ అటునుంచి ఇటు వస్తుంది, కుశలప్రశ్నలు కిటికీ ఊచల మధ్య నడుస్తాయి. ఈ రెండేళ్లూ నేను ఇంట్లో వండడం, మా ఆయన ఒక్కరే పట్టుకెళ్లడం. అక్క కలకత్తా వైద్యానికి రెండుసార్లు వెళ్లినప్పుడూ అంతే.

"ఈపాలి క్యారేజీ పంపకే వాసంతీ," అంది అక్క. "రెండుసార్లూ మీ ఆయనే తెచ్చినాడు. ఆయన మొహం సూడ్డానికి నేను కిటికీ కాడ కూకోవాలా? నాకు డెబ్భై నాలుగొచ్చినాయి, మోకాళ్లు పోనాయి. మళ్లీ ఇటేపు వస్తానో రానో. నువ్వే రా."

"వస్తాను," అనేశాను. ఎలా వస్తానో నాకు తెలియదు. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. ఆ ఏడుపు మీద కోపమొచ్చింది, ఆ కోపంలో మా ఆయన మీద అరిచాను.

ఆయన ఏమీ అనుకోలేదు. "కారున్నాది కదే," అన్నారు.

కారంటే రిటైరైనప్పుడు కొన్న పాత చిన్న కారు. ఆ కారులోనే పొద్దు వాలాక నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ అసలు సంగతి విడమరిచి చెప్పింది. నాకు పడనిది వెలుతురు కాదట, ఎండలో ఉండే కంటికి కనపడని కిరణాలట. కారు ముందు అద్దం వాటిని చాలావరకు ఆపేస్తుంది, తలుపుల అద్దాలు ఆపవు. వాటికి లోపలివైపు మంచి ఫిల్మ్ వేస్తే ఆ కిరణాలు నూటికి ఒకటి కూడా రావు. చేతులు కప్పే జాకెట్టు వేసుకుని, తాను రాసిచ్చిన క్రీము పూసుకుని, ఫిల్మ్ వేసిన కారులో ఒక గంట వెళ్లి రావచ్చు అంది. ఆ మాటకి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆవిడ కంగారుపడి నన్ను మళ్లీ కూర్చోబెట్టింది.

మర్నాడే మా ఆయన ఇందాలో కారు సామాన్ల దుకాణానికి వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చారు.

"ఏటయింది?"

"వాడి కాడ అంతా నల్లదే ఉన్నాది. 'దాదా, ఏక్‌దమ్ కాలో, లోపలెవరున్నారో ఎవరికీ కనపడదు' అంటాడు. పక్కద్దాల్లోంచి నూటికి యాభై వంతులైనా ఎలుతురు రావాలని రూలున్నాది. ఆ రూలు సంగతటుంచు. నా పెళ్లాన్ని ఎవరూ సూడకూడదని నేనెప్పుడన్నాను? ఆవిడ బయటికి సూడాల."

పైకి అనలేదు గానీ ఆ మాట నాకు భలే నచ్చింది.

కలకత్తా నుంచి కంపెనీ సర్టిఫికెట్ ఉన్న ఫిల్మ్ తెప్పిస్తానని ఆర్డరు పెట్టారు. ముందుగా అరచేతి వెడల్పు నమూనా ముక్క వచ్చింది. దాన్ని చూసేసరికి నాకు ఒళ్లు మండింది. పుస్తకాల అట్టలకి వేసే ప్లాస్టిక్ కాగితంలా ఉంది, అవతల అంతా కనిపిస్తోంది. ఇది ఎండని ఆపుతుందా? "పాలిథిన్ కవరు కొన్నారా?" అని అడిగాను. ఆయన నా దగ్గర గులాబీ రంగు కాగితం ఒకటి తీసుకుని, ఒక గాజుపలకకి సగం మేర ఆ ముక్క అంటించి, దాని కింద కాగితం పెట్టి మేడ మీద ఎండలో ఉంచారు. పదిరోజుల తర్వాత తెచ్చి నా ముందు పెట్టారు. ఒట్టి గాజు కింద ఉన్న సగం వెలిసిపోయింది. ఫిల్మ్ కింద సగం మాత్రం గులాబీగానే ఉంది. ఆయన గాజుపలక మీద 'ఓకే' రాసి తేదీ వేశారు.

దుకాణంలో వేయిద్దామన్నాను. ఆయనకి రోషం వచ్చింది. "ఎన్ని వేల కిటికీలు సేసిన సెయ్యి ఇది! నా కారుకి ఇంకొకడు కాగితం అంటించాలా?"

ఫిల్మ్ చుట్ట శుక్రవారం సాయంత్రం చేతికొచ్చింది. రైలు ఆదివారం. మధ్యలో ఒక్క శనివారమే ఉంది. చుట్ట సరిగ్గా నాలుగు తలుపులకే సరిపోతుంది. వెనక అద్దం వంపు తిరిగింది కనుక దాన్ని తర్వాత చూద్దామన్నారు. ముందు సీట్లో కూర్చుంటే దాని ఎండ నాదాకా రాదు.

శనివారం ఐదింటికే లేచారు. కారు షెడ్డు ఊడ్చి, దుమ్ము లేవకుండా నేల తడిపారు. అద్దాలు సబ్బునీళ్లతో కడిగి, బ్లేడుతో గీకి, మళ్లీ కడిగారు. నా ఇస్త్రీ నీళ్ల సీసా తీసుకుని దాంట్లో నాలుగు చుక్కలు పిల్లల షాంపూ వేశారు. పక్కింటి టోని వచ్చాడు. అతను మా ఆయనతో పాటే వర్క్‌షాపులో చేసి రిటైరైనవాడు. వాళ్లిద్దరూ ఫిల్మ్‌ని ఒక్కో తలుపు అద్దానికి బయటినుంచి ఆనించి, అద్దం అంచు వెంబడే బ్లేడు నడిపించి, నాలుగు ముక్కలు కోశారు. నేను హాల్లో పరదా వెనక కుర్చీ వేసుకుని అంతా వింటున్నాను. అక్కకిష్టమని బొబ్బట్లకి పప్పు నానబోసి, చేతికి పనుండాలని మిషను మీద జాకెట్టు గుడ్డ పెట్టుకున్నాను. గుండె మాత్రం షెడ్డులోనే ఉంది.

"ముందు నా వైపు తలుపు సేస్తాను," అంటున్నారు మా ఆయన. "సెయ్యి కుదురుకునేదాకా తప్పులేమన్నా వస్తే నా అద్దానికే రావాల. వాసంతి అద్దం మచ్చ లేకండా ఉండాల."

తర్వాత ఏదో ఒలిచిన చరచర వినపడింది. ఆ తర్వాత టోని "అరే బాప్‌రే!" అన్నాడు.

తలుపు తోసుకుని మా ఆయన లోపలికి వచ్చారు. ఫిల్మ్ ముక్క ఆయన నీలం చొక్కాకి గుండెల మీద అతుక్కుని ఉంది. కుడిచెయ్యి కూడా దానికే అతుక్కుపోయింది. ప్రతిజ్ఞ చేస్తున్న బడిపిల్లాడిలా నిలబడ్డారు. నేను పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. ముఖం పాలిపోయి ఉంది. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది.

సంగతేమిటంటే, ఫిల్మ్‌కి ఒక పక్క జిగురు ఉంటుంది, దాని మీద పల్చటి కాగితం ఉంటుంది. బయటినుంచి అద్దానికి ఆనించి కోసేటప్పుడు ఆ కాగితం పక్క మనవైపు ఉండాలి. అప్పుడే ఆ ముక్కని లోపలికి తీసుకెళ్లి అంటిస్తే జిగురు అద్దం వైపు ఉంటుంది. మా ఆయన కాగితం పక్కని అద్దానికి ఆనించి కోశారు. నాలుగూ అలాగే కోశారు. ఇప్పుడు లోపలినుంచి పెడితే జిగురు మనిషి వైపు ఉంటోంది. తిప్పి పెడితే ఆకారం అద్దానికి సరిపోవడం లేదు, వాలు అటుది ఇటు అవుతోంది.

"ముప్పై ఆరేళ్లు," అంటూ కుర్చీలో కూలబడ్డారు. "బోగీ కిటికీ నలుచదరం కదే. బాత్రూం అద్దానికి మసక కాగితం వేసినా ఎటు తిప్పినా సరిపోద్ది. ఏ పక్క ఎటుందో సూడాల్సిన పని ఒక్కనాడు రాలేదు నాకు. కారద్దానికి ముందూ ఎనకా ఉంటాదని తోచనేదు. ఇంక ఫిల్మ్ నేదు. కలకత్తా నుంచి మళ్లీ రావాలంటే పదిరోజులు. రేపు మీ అక్క..."

ఆయన మీద నేను ఎన్నిసార్లు అరిచానో లెక్కలేదు. ఆ నిమిషంలో మాత్రం అరవాలనిపించలేదు. బకెట్లో సబ్బునీళ్లు కలిపి తెచ్చి చల్లుతూ, మెల్లగా ఆ ముక్కని చొక్కా నుంచి ఊడదీశాను. చెయ్యి ఊడదీశాను. ముక్కని తీసి సబ్బునీళ్ల బకెట్లో వేశాను. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కోసం నా మిషను వైపు చూశాను. దాని మీద జాకెట్టు ముందు ముక్కలు రెండున్నాయి, ఎడమది, కుడిది. గుడ్డ మడత పెట్టి ఒక్కసారే కోసినవి.

ఎడమ ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాను.

"ఏవండీ! కుడి తలుపు ముక్కని తిరగేస్తే ఏటవుతుంది?"

"ఏటవుద్ది. ఏడుపవుద్ది."

"ఎడం తలుపు ముక్కవుతుంది!"

ఆయన నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. నేను జాకెట్టు ఎడమ ముక్క తీసి, ఆయన ముక్కు ముందు తిరగేసి, కుడి ముక్క మీద పరిచాను. అంచుకి అంచు సరిపోయింది. "మీ వైపుది నా వైపుకి, నా వైపుది మీ వైపుకి! వెనక తలుపులకీ అంతే! కారు రెండు పక్కలా ఒక్కలాగే ఉంటుంది కదండీ! తిరగేస్తే జిగురూ అద్దం వైపే వస్తుంది!"

ఆయన జేబులోంచి స్కేలు తీశారు. జాకెట్టు ముక్కని కొలిచారు. కొలిచి, లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డులోకి పరుగెత్తారు. అరవై మూడేళ్ల మనిషి పరుగెత్తడం చూడ్డానికి నేను పరదా కాస్త తొలగించాను కూడా. నిమిషం తర్వాత కేక వినపడింది. "టోనీ! ఫిట్టయినాది! కరెక్టుగా ఫిట్టయినాది!" టోని ఈల వేశాడు. నేను హాల్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడట. ముప్పై ఆరేళ్ల అనుభవాన్ని నా మూర జాకెట్టు గుడ్డ తలదన్నింది.

మిగతా పని మూడు గంటల్లో అయిపోయింది. అద్దం తడపడం, ముక్క పరచడం, రబ్బరు పట్టీతో మధ్యనుంచి అంచులకి నీళ్లు తోసెయ్యడం. ఒకే ఒక్క చిక్కొచ్చింది. చొక్కాకి అతుక్కున్న ముక్క ఉంది చూశారూ, అది మా ఆయన వైపు తలుపుది. అంటే ఇప్పుడు నా వైపుకి రావాలి. మచ్చ లేకుండా ఉండాలనుకున్న అద్దానికే ఆ ముక్క దాపురించింది. బకెట్లో ఎంత కడిగినా, కనుబొమల పట్టకారుతో ఎంత ఏరినా, చొక్కా తాలూకు నీలం పోగు ఒకటి జిగురులో ఉండిపోయింది. వేలి గోరంత పొడవు. ఆయన దాని గురించి సాయంత్రం దాకా బాధపడ్డారు.

"గుడ్డి కన్నా మెల్ల నయం," అన్నాను. "ఉండనివ్వండి."

అద్దాలు మూడురోజులు దించకూడదని మీటల మీద ప్లాస్టర్లు అంటించారు. అంతా అయ్యాక సుద్దముక్క తీస్తారని చూశాను. తీయలేదు.

"ఓకే రాయరేం?"

"టెస్టు అవ్వనేదు కదా. రేపు నువ్వు ఎండలో ఎళ్లి రావాల. ఎల్లుండి పొద్దున్న నీ సేతులు సూడాల. అప్పుడు."

ఆదివారం పదిన్నరకి బయలుదేరాం. షెడ్డులోనే కారెక్కాను. పొడుగు చేతుల జాకెట్టు, మెడ చుట్టూ కొంగు, ఒళ్లో క్యారేజీ. కారు గేటు దాటి ఎండలోకి రాగానే కళ్లు గట్టిగా మూసుకున్నాను. తెరిచేసరికి ఊరు ఊరంతా వెలిగిపోతోంది! దసరా పూజ పందిళ్ల వెదుళ్లు ఇంకా విప్పలేదు. రైల్వే క్వార్టర్ల ఎర్ర గోడల మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. మలుపులో కూరల బండి అతను కనిపించాడు. అద్దం దించలేను కదా, వేళ్లతో టకటకా కొట్టాను. అతను తలెత్తి చూసి, గుర్తుపట్టి, రెండు చేతులూ ఎత్తి "దీదీ!" అన్నాడు. పెదాలు కదలడమే కనిపించింది. అతనికి మీసం ఉందని నాకు గుర్తే లేదు.

"ఇట్నుంచెళ్లండి, అట్నుంచెళ్లండి," అని నేను చెబుతూనే ఉన్నాను. "రైలు పోతాదే తల్లీ," అని ఆయన నవ్వుతూనే ఉన్నారు.

స్టేషన్ ముందు కారు నీడకి ఆపి, గొడుగు పట్టి నాలుగడుగుల్లో లోపలికి చేర్చారు. ప్లాట్‌ఫారం మీద పైకప్పు ఉంది, భయం లేదు. రైలు వచ్చింది. అక్క కిటికీ దగ్గరే ఉంది. మా ఆయన్ని చూసి "మళ్లీ ఈయనేనా" అన్నట్టు ముఖం పెట్టింది. తర్వాత వెనకున్న నన్ను చూసింది.

"ఓలమ్మ! వాసంతీ! నువ్వే!"

ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి నా బుగ్గ పట్టుకుంది. నేను ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను. ఐదు నిమిషాల్లో రెండు నిమిషాలు అలాగే పోయాయి. ఆ తర్వాత ఇద్దరం ఒక్కసారే మాట్లాడాం, ఎవరి మాటా ఎవరూ వినలేదు.

"ఎండలో ఎలా వచ్చినావే?"

"మీ మరిది నాకు అద్దాలు సేసినాడు అక్కా!"

అక్క మా ఆయన వైపు చూసింది. రైలు కదలబోతుంటే ఆవకాయ జాడీ ఆయన చేతికి ఇచ్చి, "కాశీలో మొదటి దణ్ణం నీ పేరున పెడతాను బాబూ," అని అరిచింది. క్యారేజీ ఇవ్వడం మరిచిపోయామేమోనని కంగారుపడ్డాను గానీ, మా ఆయన ముందే లోపలికి అందించేశారట.

తిరుగుదారిలో ఇంటి మలుపు వచ్చింది. "సాలువా వైపు తిప్పండి," అన్నాను. ఆయన డాక్టరమ్మ చెప్పిన గంట లెక్క చూసుకుని, ఇంకా ఇరవై నిమిషాలుందని తిప్పారు. సాలువా రోడ్డు పక్క వరి పండి పచ్చగా, బంగారంగా ఉంది. నా వైపు అద్దంలోంచి ఎండ వచ్చి ఒళ్లో పడింది. రెండేళ్ల తర్వాత నా ఒళ్లో ఎండ! దాని మధ్యలో నీలం పోగు నీడ సన్నగా కదులుతోంది. నేను జాకెట్టు చేతిని మోచేతి దాకా మడిచి, ఎడమచెయ్యి ఆ ఎండలో పెట్టాను.

"ఏయ్! ఏటి సేస్తన్నావ్!" అని ఆయన కారు పక్కకి ఆపేశారు.

"టెస్టు," అన్నాను.

సోమవారం ఉదయం కళ్లు తెరిచేసరికి మంచం పక్కన కళ్లజోడు పెట్టుకుని నిలబడి ఉన్నారు. అప్పటికే ఎంతసేపైందో తెలియదు. నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. నా ఎడమచెయ్యి అందుకుని, వెలుతురు వైపు తిప్పి, మణికట్టు నుంచి మోచేతి దాకా వేలితో తడిమి చూశారు. కిటికీలని ముప్పై ఆరేళ్లు అలాగే తడిమి ఉంటారు. ఒక్క దద్దురు లేదు. జ్వరం లేదు.

ఆయన జేబులోంచి సుద్దముక్క తీశారు. తీసి, ఎక్కడ రాయాలో తెలియక దిక్కులు చూశారు. కారు షెడ్డులో ఉంది. కళ్లలో నీళ్లున్నాయి, దారి కనపడేట్టు లేదు.

నేను చెయ్యి ఇంకా వెనక్కి తీసుకోలేదు. "ఇక్కడే రాయండి," అన్నాను.

రాశారు. తేదీ కూడా వేశారు. మధ్యాహ్నం దాకా నేను ఆ చెయ్యి కడుక్కోలేదు.